పెన్‌డ్రైవ్ కనపడిన రోజు

నేను చదవకుండా నొక్కిన బటన్లకు లెక్కే లేదు. కంప్యూటర్లు బాగుచేసే వాళ్లందరికీ ఉండే జబ్బే ఇది. తెర మీద చిన్న పెట్టె ఒకటి వస్తుంది, ఏదో అడుగుతుంది, మేము చదవం, సరే అని నొక్కేస్తాం. ఎప్పుడూ ఏమీ కాదు. ఏమీ కాదు కాబట్టే ఆ జబ్బు కుదరదు. నాకు మాత్రం కుదిరింది. జమ్మలమడుగు దగ్గర ఒక నేత ఇంట్లో, పట్టపగలు, గ్లాసెడు మజ్జిగ తాగి మరీ నొక్కిన బటన్‌తో కుదిరింది. 

రెండు వేల ఎనిమిదో తొమ్మిదో సంవత్సరం. కడపలో నాకొక చిన్న రిపేరు షాపు ఉండేది. పెన్‌డ్రైవ్‌లు అందరి జేబుల్లోకీ కొత్తగా వచ్చిన రోజులవి. వాటితోపాటే వైరస్‌లూ వచ్చాయి. ఫోల్డర్ మీద నొక్కితే దాని పేరుతోనే ఇంకోటి పుట్టేది, ఉన్న ఫైళ్లు మాయమయ్యేవి, ఊరూరా అదే గోల. నా తిండి కూడా ఆ గోల మీదే నడిచేదనుకోండి.

ఆ నేత ఇంట్లో ఉండేది ఇద్దరే, అక్కా, ఆమె నాయనా. అక్క అంటే నాకు చుట్టం కాదు. నలభై ఏళ్లుంటాయి, మొదటి రోజే నన్ను తమ్ముడూ అని పిలిచింది, నేను అక్కా అన్నాను, అంతే. మగ్గం నేసేది ఆమే. ఆమె నాయన ఒకప్పుడు చీరల అంచులకూ పల్లూలకూ డిజైన్లు గీసిన మనిషి. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ బొమ్మ గీయడం, ఆ గళ్ల ప్రకారం అట్టలకు బెజ్జాలు కొట్టించడం ఆయన పని. ఆ అట్టలను దండలాగా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. బట్ట మీద బొమ్మ అట్లా పడుతుంది. నేను వెళ్లేనాటికి పెద్దాయన కళ్లు సగం పోయాయి.

గళ్ల కాగితం పని కంప్యూటర్లోకి మారి అప్పటికి కొన్నేళ్లయింది. అక్క దగ్గర ఉన్న డిజైన్ ప్రోగ్రాం పాతది, పాత విండోస్‌లో తప్ప నడవదు. పైగా దానికొక తాళం. తాళమంటే బొటనవేలంత యుఎస్‌బి ముక్క, అది గుచ్చి ఉంటేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. అట్టలు కొట్టే షాపు ప్రొద్దుటూరులో ఉంది. అక్కడికి పెన్‌డ్రైవ్ పట్టుకుపోయినప్పుడల్లా అక్క ఒక వైరస్‌ను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేది. మూడుసార్లు శుభ్రం చేశాను. నాలుగోసారి నాకు ఒళ్లు మండింది.

“ఇంగ వైరస్ మీ గడప తొక్కకుండా చేస్తా చూడక్కా” అని మీసం తిప్పినంత పని చేశాను. కంప్యూటర్‌కు లినక్స్ ఎక్కించి, దాని లోపల ఒక వర్చువల్ మెషిన్ పెట్టి, అందులో ఆ పాత విండోస్ వేశాను. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. అక్కకు పెద్ద డబ్బాలో చిన్న డబ్బా అని చెప్పాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. తెలివి ఎక్కువై ఇంకో ఏర్పాటు కూడా చేశాను. చిన్న డబ్బాను ఆపి మళ్లీ వెలిగించిన ప్రతిసారీ, అది నేను వేసిన మొదటి రోజు ఎట్లా ఉందో అట్లాగే మొదలవుతుంది. మధ్యలో దాంట్లోకి ఏం చేరినా తుడిచిపెట్టుకు పోతుంది. దాచుకోవలసిన వాటి కోసం పెద్ద డబ్బాలో ఒక ఫోల్డర్ పెట్టి, చిన్న డబ్బాలోంచి దానికి దారి వేశాను. డిజైన్లు అందులోనే సేవ్ చెయ్యాలని అక్కకు చెప్పాను. ఒక్కసారి చెప్పాను. గుమ్మంలో నిలబడి, బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ చెప్పాను.

పది రోజులకు ఫోన్ వచ్చింది.

“తాళం కనపడల్యాదంటాండాది తమ్ముడూ. గుచ్చే ఉండాది. అయినా కనపడల్యాదంటాది.”

వెళ్లాను. ఇది చిన్న సంగతే. యుఎస్‌బి వస్తువు ఏదైనా ఒక సమయంలో ఒకరి చేతిలోనే ఉంటుంది. పెద్ద డబ్బా పట్టుకుంటే చిన్నదానికి కనపడదు, చిన్నదానికి అప్పగిస్తే పెద్దదానికి కనపడదు. తెర మీద చిన్న డబ్బా కిటికీకి కింది మూలలో ప్లగ్గు బొమ్మ ఉంటుంది. దాని మీద నొక్కి, వచ్చిన జాబితాలో తాళం పక్కన టిక్కు పెడితే చాలు. అక్క చేత నాలుగుసార్లు చేయించాను. ఐదోసారి నాకంటే వేగంగా చేసింది.

తిరిగి వస్తూ వసారాలో పెద్దాయన చేస్తున్న పని చూసి ఆగిపోయాను. ఎండ పడేచోట మంచం వేసుకుని, భూతద్దం కంటికి ఆనించుకుని, సూదితో ఒక పాత చీర పోగులు ఒక్కొక్కటే ఊడదీస్తున్నాడు. నేత వీధుల్లో చీర నేయడం ఎన్నిసార్లో చూశాను. నేసిన చీరను విప్పడం ఎప్పుడూ చూడలేదు.

“ఏంది పెద్దాయనా, చీర చెరుపుతాండావు?”

“చెరపడం ల్యాదప్పా. చదువుతాండా.”

అది ఆయన భార్య చీర. పెళ్లయిన రెండో ఏడు ఆయనే గీసి, ఆయనే నేసి ఇచ్చాడట. ఆమె పప్పుశనగ చేలల్లో కూలికి పోయేది. అందుకని అంచు పొడవునా జరీతో శనగకాయలు, పల్లూలో ఒకే ఒక్క శనగచెట్టు, వేళ్లతో సహా పెరికి చేత్తో పట్టుకున్నట్టుగా. గీసిన కాగితాలు చెదలు తినేశాయి. ఆమె పోయింది. చీర ఒక్కటే మిగిలింది, అదీ పట్టుకుంటే చిరిగేట్టుంది. అన్ని చిరుగుల మధ్య పైనుంచి చూసి పోగులు లెక్కపెట్టడం కుదరదు. ఒక్కో జరీపోగునూ లాగుతూ, అది ఎన్ని పోగుల మీదుగా దాటిందో ఎన్నిటి కింద దూరిందో చూడాలి. కళ్లు పూర్తిగా పోయేలోపల ఆ చీర మళ్లీ మగ్గం ఎక్కాలి, ఆయన దాన్ని చూడాలి. తండ్రీ కూతుళ్లిద్దరూ ఆ ఒక్క ఆశ మీదే ఉన్నారు.

లాగిన ప్రతి పోగునూ ఆయన గంజి పూసిన పేపరు ముక్క మీద వరసగా అంటిస్తున్నాడు. నలభై ఏళ్లకు పైగా ఒకే వంకరలో ఉన్న జరీ బయటికి తీసినా ఆ వంకర వదలదు. పైన దాటిన చోట చాపుగా, తిన్నగా ఉంటుంది, కింద దూరిన చోట ముడత ఉంటుంది. మగ్గం దిగాక అక్క ఆ ముక్కలు చూసి కంప్యూటర్లో గళ్లు నింపేది. అంచు అప్పటికి ముగింపుకు వచ్చింది. పల్లూ ఇంకా మొదలుపెట్టలేదు.

నాకు నవ్వొచ్చింది. “ఇంత తిప్పలెందుకు పెద్దాయనా? నువ్వు పోగు పీకతా చెప్తాండు, అక్క ఆడికాడికే కొడ్తాది. ఈ గంజీ, ఈ కాగితాలూ ఏం పనికి? ఒగసారి కంప్యూటర్లోకి ఎక్కిందంటే ఇంగ యాడికీ పోదు.”

ఈ మాట అన్నది నేనే. ఇంకెవరో అన్నారని చెప్పుకునే వీలు కూడా లేదు. పెద్దాయన భూతద్దం దించి, “అట్లంటావా?” అని ఆలోచించి, “సరే, నీకు తెలుస్తాది గదా” అన్నాడు. నేను గర్వంగా బండి ఎక్కాను.

నెల గడిచింది. ఈసారి ఫోన్‌లో అక్క గొంతు ఎగిరి గంతేస్తోంది.

“అయిపాయ తమ్ముడూ! పల్లూ గూడా అయిపాయ! అట్టలు కొట్టియ్యల్ల. పెన్‌డ్రైవ్ పెడితే లోపల డబ్బాలో కనపడల్యాదు. రేపు ప్రొద్దుటూరు పోవల్ల, నువ్వొచ్చిపో.”

మండుటెండలో వెళ్లాను. పెద్దాయన కొత్త చొక్కా వేసుకుని వసారాలో కూర్చుని ఉన్నాడు, మర్నాడు తానూ ప్రొద్దుటూరు పోవాలని ముందురోజే తయారై. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు ఉంది. టిక్కు పెడితే వేరే పనిలో ఉందంది. పెద్ద డబ్బా చేతిలోంచి విడిపించి మళ్లీ పెట్టాను, రాలేదు. వెనక రంధ్రంలో గుచ్చాను, రాలేదు. తాళం తీసి దాని చోట పెన్‌డ్రైవ్ పెట్టాను. తాళమైతే ఎక్కడ పెట్టినా వస్తోంది, పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టినా రావడం లేదు. అరగంట కుస్తీ పట్టాక నాకు బుర్ర వెలిగింది. తాళం నెమ్మదిగా నడిచే పాతరకం యుఎస్‌బి. పెన్‌డ్రైవ్ వేగంగా నడిచే కొత్తరకం. చిన్న డబ్బాకు కొత్తరకం యుఎస్‌బి ఇవ్వడం నేనే మరిచిపోయాను. సెట్టింగుల్లో ఒక్క టిక్కు, అంతే పని.

సెట్టింగులు మార్చాలంటే చిన్న డబ్బాను ముయ్యాలి. మూసేటప్పుడు అది మూడు దారులు చూపిస్తుంది. ఉన్నదున్నట్టు నిద్రపుచ్చడం ఒకటి, పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యడం ఒకటి, కరెంటు పీకేసినట్టు ఆపడం ఒకటి. మొదటిదాని మీద చుక్క పెట్టే ఉంది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని నాకు తట్టలేదు. దాంతోనే మూశాను. సెట్టింగులు తెరిస్తే అన్నీ బూడిదరంగులో ఉన్నాయి, ఏదీ కదలదు. నిద్రలో ఉన్నదాన్ని మార్చనివ్వదు. ఆ నిద్రను రద్దు చెయ్యడానికి ఒక బటన్ ఉంది. నొక్కాను. పెట్టె ఒకటి వచ్చింది, అందులో రెండు మూడు వాక్యాలు ఉన్నట్టే గుర్తు. సరే అన్నాను.

అప్పుడే అక్క మజ్జిగ తెచ్చింది. తాగాను. పచ్చిమిరపకాయ నలిపి వేసిన చల్లటి మజ్జిగ. తర్వాత తెలిసి నన్ను కాల్చిన సంగతేమంటే, నేను ఆ మజ్జిగ తాగుతున్నంతసేపూ ఆ చీర ఇంకా లోపలే ఉంది. తుడుపు జరిగేది ఆపినప్పుడు కాదు, వెలిగించినప్పుడు. గ్లాసు కింద పెట్టి, టిక్కు పెట్టి, వెలిగించాను.

విండోస్ మొదటినుంచి లేచింది. మూలలో బుడగ వచ్చింది, కొత్త వస్తువు దొరికిందని. నేను చప్పట్లు కొట్టాను.

“వచ్చె చూడక్కా పెన్‌డ్రైవ్!”

“వచ్చెనా! జరుగు, నేను చూపిస్తా.” ఆమె మౌస్ అందుకుంది. తెర వైపు చూసింది. “ఇదేంది, నా కిటికీలన్నీ యాడబోయ? నా డిజైన్ యాడ?”

“యాడ సేవ్ చేసినావక్కా?”

“ఈడనే. మై డాక్యుమెంట్స్‌లో.”

తెరిచింది. ఖాళీ. నేను ప్రోగ్రాం వేసిన రోజు పరీక్ష కోసం గీసిన ఒక ఎర్ర గడీ ఫైలు తప్ప ఏమీ లేదు. ఆ ఎర్ర గడీని చూడగానే నాకు అర్థమైంది.   నలభై రోజుల పని, చెట్టు, వేళ్లు, కాయలు. 

“అక్కా, రోజూ షట్‌డౌన్ చెయ్యలేదా నువ్వు? ఒక్కరోజన్నా?”

ఆమె నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూసింది. “యాల చేస్తా తమ్ముడూ? పని సగంలో ఉంటే మగ్గాన్ని బోడి చేస్తామా?” అని మగ్గం వైపు చెయ్యి చూపించింది.

అప్పుడు చూశాను. చీర కోసి తీసినా, ఆ మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల, కొసలు దువ్వెనలాంటి అచ్చులో అట్లాగే ఉన్నాయి. నేత ఇళ్లలో పడుగు పూర్తిగా లాగెయ్యరు. మూరెడు వదిలేసి, కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాత కొసకు అతుకుతారు. మొత్తం లాగేస్తే వేల పోగులను మళ్లీ అచ్చులోకి ఒక్కొక్కటే ఎక్కించుకోవాలి. మగ్గం బోడిగా ఉండటమంటే ఆ ఇంట్లో పని పోయినట్టు. మూడు దారుల్లో ‘ఉన్నదున్నట్టు’ అన్నది కనపడగానే ఆమెకు అదే సరైన పద్ధతి అనిపించింది. నలభై రోజులుగా ఒక్కరోజు కూడా చిన్న డబ్బాను ఆపలేదు, నిద్రపుచ్చుతూనే ఉంది. ఆపితే కదా తుడిచిపెట్టుకు పోతుందని తెలిసేది. మొదటి రోజే ఆపి ఉంటే, పోయేది ఆ ఒక్కరోజు పనే.

చెప్పాను. డిజైన్ మొత్తం తుడిచిపెట్టుకు పోయిందన్నాను. ఆమె నవ్వింది.

“పరాచకాలా తమ్ముడూ?”

నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. మౌస్ వదల్లేదు. ఆ ఎర్ర గడీని మూసి, తెరిచి, మూసి, తెరిచింది. బయటినుంచి పెద్దాయన “దొరికెనా?” అని కేకేశాడు. 

హార్డ్ డిస్క్ ఊడదీసుకుని కడపకు పరిగెత్తాను. పోయిన ఫైళ్లు తవ్వితీసే ప్రోగ్రాంలు నా దగ్గరున్నవన్నీ నడిపాను, తెలిసిన వాళ్ల దగ్గరున్నవీ నడిపాను. రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. చిల్లరమల్లర ముక్కలు వచ్చాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. దారుణమేమంటే ఆ పని మొత్తానికి పెన్‌డ్రైవ్‌ను చిన్న డబ్బాకు చూపించే అవసరమే లేదు. నేనే వేసిన దారిలోంచి ఫైలును పెద్ద డబ్బాలోకి తెచ్చి, అక్కడినుంచి పెన్‌డ్రైవ్‌కు ఎక్కిస్తే నిమిషంలో అయిపోయేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. పెన్‌డ్రైవ్ కనపడటం లేదంటే కనపడేట్టు చెయ్యడమే పని అనుకున్నాను, గాడిదను.

మూడో రోజు ఖాళీ చేతులతో వెళ్లాను. అక్క తండ్రికి చెప్పనేలేదు. గుమ్మంలోనే నన్ను ఆపి, “నేను చెప్పల్యాను. నువ్వే చెప్పు” అంది.

పెద్దాయన మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.  ఆయన కూతురి వైపు తిరిగాడు.

“అంచు కాగితాలు పెట్టెలో ఉండాయి గదా పాపా?”

“ఉండాయి నాయనా.”

“పల్లూది?”

ఆమె పెట్టె వైపు చూసింది.

“పల్లూ జరీ యాడుంది పాపా? మూట కట్టినాం గదా?”

“మంగళారం పాత జరీ కొనేటోడు వీధిలోకొచ్చినాడు నాయనా” అంది.  అక్కడే గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పాత జరీ కొనేవాళ్లు దాన్ని కరిగించి వెండి తీస్తారు. ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కితే ఇంకెక్కడికీ పోదని నేను చెప్పాను కదా. గంజీ కాగితాలూ ఎందుకన్నాను కదా. అంటించని పోగులు ఉత్త చిక్కుముడి, దాన్ని ఇంట్లో ఎందుకు పెట్టుకుంటారు?  

షాపు మూసేశాను. వారం పైన ఆ ఇంట్లోనే కూర్చుని అంచు గళ్లన్నీ నేనే నింపాను. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ వద్దనలేదు. పెద్దాయన పేపరు ముక్కను ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, గోటితో పోగు వెంబడి వెళ్లేవాడు. చాపు తగిలితే “మీద, ఆరు” అనేవాడు. ముడత తగిలితే “కింద, రెండు” అనేవాడు. కాయ మొత్తం వచ్చాక ప్రతిసారీ ఒకటే మాట.

“తొడిమ మరువద్దప్పా. తొడిమ ల్యాకుంటే అది కాయ కాదు.”

ఒక్కో పేపరు ముక్క కాగానే మూడు చోట్ల సేవ్ చేశాను. తెర మీద వచ్చిన ప్రతి పెట్టెనూ చివరి అక్షరం దాకా చదివాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

అంచు అయిపోయిన రోజు ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేసి అడిగాను, గుర్తున్నంత వరకు చెట్టును చెప్పమని.

“గుర్తుంటే చీర చెరిపేటోన్నా?” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. “చదివినా, పాపకు చెప్పినా, ఆ పోగు వదిలేసి ఇంగో పోగు పట్టినా. కొత్తగా గీయమంటావా? అప్పుడు ఆమె చెట్టు పెరికి తెచ్చి ఎదురుగా పట్టుకోని నిలబడె, చూసి గీసినా. ఇప్పుడు ఏం చూసి గీయల్ల? కాయలుండాయి, చెట్టు ల్యాదు. ఉన్నంతనే నెయ్యండి.”

అట్లాగే నేశారు. అంచు నిండా కాయలు, పల్లూ ఉత్తది. మొదటి చీరను ఆయన ఒళ్లో పరిస్తే అంచు వెంబడి గోరు నడిపించాడు, పల్లూ దగ్గరికి వచ్చి చెయ్యి తీసేశాడు. ఆ తర్వాత వాళ్లు నన్ను ఏ పనికీ పిలవలేదు. నేనూ ఆ వీధికి పోలేదు, పోయే ముఖం లేదు.

రెండేళ్లకు మా ఆవిడతో కడపలో ఒక బట్టల షాపుకు వెళ్లాను. సేల్స్ అమ్మాయి మా ముందు ఒక నూలుచీర పరిచింది. అంచు చూడగానే పోల్చుకున్నాను.

“చినుకుల చీర మేడమ్. అంచు అంతా వాన చినుకులు, పల్లూ ప్లెయిన్. ఇప్పుడిదే నడుస్తాండాది.”

“ఎంత బాగుండాదో. పల్లూ ఖాళీగా వదిలిన వాళ్లకు శానా తెలివుండాది” అంది మా ఆవిడ. అని నా వైపు తిరిగి, “మన సీమలో చినుకులు చీర మిందనే చూడల్ల” అని నవ్వింది.

నేను నవ్వలేదు. అవి చినుకులు కావని చెప్పలేదు. చెప్తే ఎందుకో చెప్పాలి. అంచు మీదికి వంగి చూశాను. ప్రతి కాయకూ వెంట్రుకంత తొడిమ ఉంది, ఒక్కటీ తప్పిపోలేదు. తొడిమలన్నీ పల్లూ వైపే తిరిగి ఉన్నాయి.